దండెం మీద రేడియో స్టేషన్

ఇక్కడ రాసిన ప్రతి మాటా నిజం. ఎల్బీనగర్ చౌరస్తాలో నడినెత్తిన ఎండ కాస్తుండగా నిలబడి, నాలుగు దిక్కులా ఆగిన బండ్లవాళ్లందరి సాక్షిగా ప్రమాణం చెయ్యమన్నా చేస్తాను. ఒట్టు గట్టిగా ఉండాలని మా ఆవిడ నెత్తిమీద చెయ్యి పెట్టబోయాను. ఆమె కత్తిపీట ముందు నుంచి లేవకుండానే తల పక్కకు తీసుకుని, "నాకింక నాలుగొద్దులు బతకాలని ఉన్నది. నీ ఒట్లు నీ నెత్తిన్నే ఏసుకో" అంది. అందుకని నా నెత్తినే వేసుకుని మొదలుపెడుతున్నాను.

మా గల్లీకి ఒకప్పుడు సొంత రేడియో స్టేషన్ ఉండేది. మీడియం వేవ్. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు వెనక నాలుగు గల్లీల మేర వినిపించేది. గాలి బాగుంటే మీర్‌పేట్ దాకా పోయేదని నేను అంటాను. గాలి అంత బాగున్న రోజు ఏదని మాత్రం అడక్కండి. ఇప్పుడైతే మా ఇంటికి ఎవరైనా వస్తామంటే మెట్రో పిల్లర్ నంబరు చెప్పి ఊరుకుంటాం. అప్పట్లో గుర్తులు వేరు. మిర్చి బండి దాటాలి, కోచింగ్ సెంటర్ల బోర్డులు అయిపోవాలి, ఎర్ర ఆవు పడుకునే మలుపులో కుడికి తిరగాలి. ఆవు లేస్తే దారి తప్పినట్టే. ఆ మలుపు పక్కనే ఒక రేడియో మెకానిక్ దుకాణం. వెనక ఆయన ఇల్లు. ఎదురింట్లో నేను కిరాయికి ఉండేవాణ్ణి. అప్పటికి నాకు ముప్పై ఏళ్లు, పెళ్లి కాలేదు, సిటీ బస్సులో కండక్టరు ఉద్యోగం. తెల్లవారుజామున డ్యూటీ ఎక్కితే మూడింటికల్లా దిగిపోయి, సాయంత్రమంతా ఆ దుకాణం ముందు స్టూలు మీద కూర్చునేవాణ్ణి.

ఆ మెకానిక్‌ను నేను అన్నా అనేవాణ్ణి. ఆయనది నల్లగొండ దగ్గర పల్లె. రేడియో విప్పితే పసిపిల్లకు తలంటు పోసినంత మెల్లగా విప్పేవాడు. ఆయన సీసం కరిగించి అతికిన టాంకా ఊడటం ఎవరూ చూడలేదు. అదే ఆయన కొంప ముంచింది. ఒకసారి బాగుచేసిన సెట్టు మళ్లీ పదేళ్లకు కూడా దుకాణం ముఖం చూసేది కాదు. దానికి తోడు ఇంటింటికీ కేబుల్ టీవీ వచ్చింది, కుర్రకారు చెవుల్లోకి ఎఫ్ఎం వచ్చింది. పెద్ద రేడియోలన్నీ అటకలెక్కాయి. గోడకున్న మూడు చెక్క అరలు ఒకప్పుడు గిరాకీ సెట్లతో కిక్కిరిసి ఉండేవి. అవి ఖాళీ అయ్యాయి. చివరికి ఒక అరలో మెకానిక్ అన్న చెప్పులు, ఇంకో అరలో ఉల్లిగడ్డలు కనిపించడం మొదలైంది.

ఉల్లిగడ్డల దాకా వచ్చాక వదిన ఊరుకోలేదు. వదినంటే అన్న భార్య. ఇల్లూ దుకాణమూ ఆమెకు పుట్టింటివాళ్లు కట్టించి ఇచ్చినవి కాబట్టి ఆమె మాటకు బలం ఎక్కువ. ఆమె తమ్ముడు ఆ దుకాణంలో సెల్‌ఫోన్ రీచార్జి షాపు పెడతానని ఆరు నెలలుగా చుట్టూ తిరుగుతున్నాడు. వచ్చినప్పుడల్లా జేబులోంచి టేపు తీసి గోడలు కొలిచేవాడు. అన్న లోపల కూర్చుని ఉండగానే కొలిచేవాడు.

"బావా, జర ఆ కుర్సీ జరుపరాదు. ఈడ అద్దాల బీరువా ఒస్తది."

"నన్ను కూడ కొలువు, బీరువల పడ్తనేమో" అనేవాడు అన్న.

వానాకాలం మొదట్లో ఒక సాయంత్రం వదిన తీర్పు చెప్పింది. నేనూ అక్కడే ఉన్నాను.

"దసరా నాడు నీ పానాలకు, స్క్రూడ్రైవర్లకు బొట్టు పెట్టి పూజ చేస్తం గద. ఆ పొద్దుకు ఈ మూడు అరలు గిరాకీ రేడియోలతోని నిండాలె. నిండినయా, దుకాణం నీది, ఇంకెవ్వలు అడుగరు. నిండలేదా, పూజ అయినంక తాళంచెవి మా తమ్ముని చేతుల పెట్టుడే."

ఆమె లోపలికి పోయాక అన్న నా వైపు తిరిగాడు.

"తమ్మీ, రేడియోల వినేటందుకు ఏమన్న ఉంటెనే గద అది చెడితె మనిషికి బాధ అయితది?"

"అవునన్నా."

"మరి వినేటిది మనమే పెడితె?"

అట్లా పుట్టింది మా స్టేషన్. రేడియోలు బాగుచేయించుకునేవాళ్లు లేరని రేడియో స్టేషనే పెట్టిన మెకానిక్ ఇంకెక్కడైనా ఉంటే చెప్పండి, వెళ్లి కాళ్లు మొక్కి వస్తాను. పాత సెట్ల గుండెకాయలన్నీ తీసి, పౌడరు డబ్బా మీద రాగి తీగ చుట్టి, పదిహేను రోజుల్లో ఒక యంత్రం తయారుచేశాడు. ఇలాంటివాటికి సర్కారు అనుమతి కావాలని మాకు తెలియదు. తెలిసినవాళ్లు మాతో అనలేదు. నల్లా నీళ్లు ఎప్పుడొస్తాయో మా స్టేషన్‌లో తెలుసుకోవాలని వాళ్లకూ ఉండేది.

ఏరియల్ తీగ మిద్దె మీద కట్టాలి. దానికి సరిగ్గా కుదిరిన చోటు వదిన బట్టలారేసే దండెం ఉన్న చోటే. అన్న ఆ ప్లాస్టిక్ తాడు విప్పి, రెండు కర్రల మధ్య రాగి తీగ లాగి కట్టాడు. వదిన బకెట్‌తో మిద్దె ఎక్కి, అక్కడి నుంచే కేక వేసింది.

"దండెం తీసేస్తివి! బట్టలు నీ నెత్తి మీద ఆరెయ్యాల్నా?"

"ఆ తీగ మీదనే ఎయ్యి. ఏం కాదు, షాక్ కొట్టది."

ఏమీ కాలేదు. ఒక్కటే అయింది. తడి బట్టల బరువును బట్టి, నీటిని బట్టి మా స్టేషన్ డయలు మీద అటూ ఇటూ జరిగేది. జాకెట్లు, తువ్వాళ్లు అయితే వెంట్రుకవాసి. చీరలైతే ముల్లు కొంచెం ఎడమకు తిప్పాలి. దుప్పట్లు ఉతికిన రోజు ఇంకా ఎడమకు. కొన్నాళ్లకు వినేవాళ్లందరికీ ఇది అలవాటైపోయింది. గుంటూరు వైపు నుంచి వచ్చి మూడో ఇంట్లో ఉండే టీచరమ్మ ఒకరోజు పాలప్యాకెట్ కోసం వెళ్తూ ఆగి, "ఏమండీ, ఇవాళ మీ వదినగారు దుప్పట్లు నానబెట్టారా? ముల్లు బాగా ఇటు తిప్పాల్సొచ్చింది" అంది. ఒక ఇంటి ఉతుకుడు సంగతి నాలుగు గల్లీలకు రేడియోలో తెలిసిపోయేది మా దగ్గరే.

మాట్లాడేది నేనే. పదేళ్లుగా బస్సులో గొంతు చించుకున్నవాణ్ణి. మైకు దొరికితే వదులుతానా? ఆరింటికి స్టీలు గ్లాసు మీద చెంచాతో రెండుసార్లు కొట్టి "రైట్ రైట్" అనేవాణ్ణి. అది మా స్టేషన్ సంగీతం. ముందు నల్లా నీళ్ల సమయం. తర్వాత తప్పిపోయిన వస్తువులు. ఎక్కువగా చెప్పులు, అవీ ఒంటికాలివే. వారానికోసారి టీచరమ్మ వచ్చి గోంగూర పచ్చడి కొలతలు చెప్పేది. ఆ మర్నాడు వదిన, "గంత నూనె పోస్తె పచ్చడి కాదు, బండి ఇంజను నడుస్తది" అని మైకు లాక్కునేది. ఆఖరి పావుగంట నాది. బస్సులో ఆ రోజు జరిగిందని ఒక కథ చెప్పేవాణ్ణి. వనస్థలిపురం జింకల పార్కు దగ్గర ఒక జింక నా బస్సెక్కిన కథ ఇప్పటికీ కొందరు గుర్తు చేస్తారు. టికెట్ అడిగితే అది తల వంచి కొమ్ముకు తగిలించుకున్న బస్ పాస్ చూపించింది. పాస్ గడువు నిన్ననే అయిపోయింది. ఏం చెయ్యాలి? మర్యాదగా పెద్ద అంబర్‌పేట్‌లో దింపేశాను. మర్నాడు గల్లీలో సగం మంది, గడువు అయిపోయినా మూగజీవాన్ని దింపడం అన్యాయమని నాతో తగవు పెట్టుకున్నారు. జింక బస్సెక్కడం గురించి ఎవరికీ అభ్యంతరం లేదు.

నెల తిరిగేసరికి అటకల మీది రేడియోలన్నీ దిగాయి. దుమ్ము దులిపారు. మా స్టేషన్ దొరికే చోట డయలు మీద ఆడవాళ్లు బొట్టుబిళ్ల అంటించుకున్నారు. సాయంత్రం ఆరింటికి గల్లీలో నడుస్తుంటే ఇంటింటి నుంచీ నా గొంతే. అంతా బాగుంది, ఒక్క సంగతి తప్ప. ఒక్క రేడియో కూడా చెడిపోలేదు. ఎట్లా చెడుతుంది? అన్నీ మెకానిక్ అన్న చేతి పనే కదా! వినేవాళ్లు పెరిగారు, అరలు మాత్రం అట్లాగే ఉన్నాయి. ఉల్లిగడ్డల పక్కకు ఎల్లిగడ్డలు కూడా వచ్చి చేరాయి.

బతుకమ్మ పాటలు మొదలయ్యాయి. దసరా వారంలోకి వచ్చింది. నాకు భయం పట్టుకుంది.

"అన్నా, ఎవ్వరిదన్న సెట్టు చూస్తనని తెప్పించి, టాంకా జర లూజుగ పెట్టరాదె" అన్నాను ఒకరోజు, చుట్టూ చూసి.

ఆయన చేతిలోని పని ఆపాడు. "అంతకన్న రీచార్జి అమ్ముకునుడు నయం. ఇంకోపారి ఆ మాట అంటె స్టూలు తీసి లోపల పెడ్త" అన్నాడు. నేను స్టూలు గట్టిగా పట్టుకున్నాను.

దసరాకు మూడు రోజులుందనగా వదిన ఇంట్లోని బొంతలన్నీ ఉతికింది. పండగ ముందు ఇల్లంతా కడిగి, పరుపుగుడ్డలు, బొంతలు ఉతుక్కోవడం ఆనవాయితీ. పాత చీరలు పొరలు పొరలుగా వేసి కుట్టిన బొంత తడిస్తే ఎంత బరువో ఎత్తినవాళ్లకే తెలుసు. అట్లాంటివి నాలుగు తీసుకెళ్లి తీగ మీద వేసింది. మధ్యాహ్నం ఉరుములు, మెరుపులతో పెద్ద వాన పడింది. నీళ్లు తాగిన బొంతలను కిందికి దించడం ఆమె వల్ల కాలేదు. ఎండ కొట్టాక చూద్దాంలే అని వదిలేసింది. ఆ బరువుకు తీగ సాగిసాగి పిట్టగోడ మీది ఇనుప రేలింగుకు ఆనుకుంది. మా స్టేషన్ గాలిలోకి పోవడం మానేసి నేరుగా భూమిలోకి ఇంకిపోయింది.

కింద దుకాణంలో ఉన్న మాకు ఈ సంగతి తెలియదు. యంత్రం పక్కనే పెట్టుకున్న సెట్టులో నా గొంతు ఎప్పటిలాగే ఖంగుమంటోంది. ఆ సాయంత్రం నేను ఒక నెమలి కిటికీ పక్క సీటు కోసం పట్టుబట్టిన కథ చెప్పాను. జీవితంలో అంత గొప్పగా ఎప్పుడూ చెప్పలేదు. విన్నది అన్నా, నేనూ, గోడ మీది బల్లీ.

మర్నాడు నేను డ్యూటీ దిగి వచ్చేసరికి దుకాణం ముందు జనం. ప్రతి ఒక్కరి చంకలో ఒక రేడియో. బొట్టుబిళ్ల దగ్గర గొంతు లేకపోయేసరికి, నిన్నటి ఉరుముకు రేడియోలన్నీ కాలిపోయాయని గల్లీ గల్లీ అంతా తేల్చేసుకుంది. ఉరుముకు టీవీలు పోవడం అందరూ చూసినదే కదా! ముల్లు వేరే స్టేషన్‌కు తిప్పి చూద్దామని ఒక్కరికీ తోచలేదు.

"పండుగ ముందల గిదేం పరేషాన్ అన్నా! జల్ది చేసియ్యి" అని మా గల్లీ ఆటో డ్రైవరు తన సెట్టును మొదటి అరలో తనే పెట్టేశాడు. ఉల్లిగడ్డలు కిందికి దిగాయి. చీకటి పడేలోపు మూడు అరలూ నిండాయి. మిగిలినవి నేల మీద పెట్టారు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

అన్న మాత్రం చెమటలు తుడుచుకుంటున్నాడు. మొదటి సెట్టు విప్పాడు. ఏమీ లేదు. రెండోది విప్పాడు. దాంట్లోనూ ఏమీ లేదు. మూడోది, నాలుగోది. అన్నీ శుభ్రంగా ఉన్నాయి. అందరూ బయటికి పోయాక, తన రెండు చేతులూ బల్బు కింద పెట్టి తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"తమ్మీ, నాకు దోషం దొరుకుత లేదు. గిన్నేండ్లల్ల ఎప్పుడు గిట్ల కాలె. చూపు పోయిందా, చెయ్యి పోయిందా సమజైత లేదు. నా బామ్మర్దే కరెక్టేమో."

ఆయనను నేను అట్లా చూడటం అదే మొదలు. తను కట్టిన స్టేషన్‌ను అనుమానించే ముందు తన చేతులను అనుమానించుకునే మనిషి. ఆ రాత్రి ఆయన అన్నం తినలేదని వదిన తర్వాత చెప్పింది.

పండగకు ముందు రోజు పొద్దున్నే, బొంతలు దించడానికి సాయం రమ్మని వదిన పిలిస్తే అన్న మిద్దె ఎక్కాడు. అటు బొంతలు, ఇటు రేలింగుకు ఆనిన తీగ. నాకు ఆ రోజు సెలవు. ఎదురింటి గుమ్మంలో పళ్లు తోముకుంటున్నవాణ్ణి, ఆయన నవ్వు విని నోట్లో బ్రష్షుతోనే పరుగెత్తాను.

"నా చేతులు మంచిగనే ఉన్నయిరా!" అని నన్ను కావలించుకున్నాడు. వెంటనే ముఖం మార్చి, "పో, అందరికి చెప్పు. మీ రేడియోలకు ఏం కాలేదు, వచ్చి తీస్కపోండ్రి అని చెప్పు" అన్నాడు.

"అన్నా, రేపే దసరా. ఒక్కరోజు ఆగరాదు. అరలు నిండి ఉన్నయ్."

"చెడని సెట్లు చెడినయని పెట్టుకుంటె, ఆ బొట్టు నా పానాలకు కాదు, నా దొంగతనానికి పెట్టినట్టు."

స్టేషన్‌లో చెబుదామంటే వినేవాళ్ల రేడియోలన్నీ మా అరల్లోనే ఉన్నాయి. ఇల్లిల్లూ తిరగక తప్పదు. తిరిగాను. చూసింది చూసినట్టు చెప్పాను. ఒక్కరంటే ఒక్కరు నమ్మలేదు.

టీచరమ్మ గుమ్మంలోనే నవ్వింది. "బొంతలు ఆరేస్తే స్టేషన్ పోవడమేంటండీ! జింక బస్ పాస్ చూపించిందన్నారు, విన్నాం. పండగపూట ఇది కూడా నమ్మమంటారా?"

ఆటో డ్రైవరు అయితే ఆటో తుడుస్తూ తల కూడా ఎత్తలేదు. "చల్ తియ్యి. గిది రేపు రేడియోల చెప్పు, మంచిగుంటది. అన్నకు చెప్పు, తొందర లేదు, మంచిగ చెయ్యమను."

మొత్తం నాలుగు గల్లీలూ తిరిగి ఒట్టి చేతులతో వచ్చాను. జరిగింది చెబితే అన్న తల పట్టుకున్నాడు.

దసరా నాడు పానాలు, స్క్రూడ్రైవర్లు, సోల్డరింగ్ గన్ను కడిగి పీట మీద పేర్చారు. బామ్మర్ది కొత్త చొక్కాతో, కాగితంలో చుట్టిన షాపు బోర్డుతో సహా దిగాడు. అరలు చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. వదిన కుంకుమ భరిణె తీసింది. అప్పుడు అన్న ఆమె చెయ్యి ఆపాడు.

"ఆగు. గివేం చెడిపోలే. నీ బొంతలకు తీగ సాగి స్టేషన్ బందైంది. మందికి చెప్పి పంపిన, ఎవ్వలు నమ్మలె. నిజమైతే గిది. ఇగ నీ ఇష్టం."

బామ్మర్దికి ప్రాణం లేచొచ్చింది. "అట్లనా! చెడిపోనివి లెక్కకు రావక్కా. బావనే ఒప్పుకున్నడు గద!"

వదిన అరల వైపు చూసింది, పీట మీది సామాన్ల వైపు చూసింది.

"నేనేమన్న?" అంది తమ్ముడితో. "అరలు నిండాలె అన్న. చెడిపోవాలె అన్ననా? ఒక్కనాడు రేడియో లేకపోయేవరకు గల్లీలు గల్లీలు ఈ మనిషి దగ్గరికి ఉరికొచ్చినయ్. గంతకన్న గిరాకి ఏముంటదిరా? నువ్వు బోర్డు పక్కకు పెట్టి కాళ్లు కడుక్కో. కూర సల్లారుతున్నది."

సోల్డరింగ్ గన్నుకు మొదటి బొట్టు పెట్టింది. అన్న ముఖం అటు తిప్పుకుని అగరొత్తులు వెలిగించసాగాడు. ఒక్క పుల్లకు వెలగాల్సినవి నాలుగు పుల్లలు తీసుకున్నాయి. బామ్మర్ది కాసేపు అలిగాడు గాని, వేట మాంసం ముందు అలక ఎంతసేపు నిలుస్తుంది?

మర్నాడు తీగ బిగించి, వదినకు వేరే తాడు కట్టి, సెట్లన్నీ ఎవరివి వాళ్లకు ఇచ్చేశాడు. పైసా ముట్టలేదు. ఏం బాగుచేశావంటే, ఏమీ చెయ్యలేదనే చెప్పాడు. ఆ మాటతో పేరు ఇంకా పెరిగింది. మిక్సీలు వచ్చాయి, ఫ్యాన్లు వచ్చాయి, గుడి మైకు సెట్టు వచ్చింది, చర్చి ఆంప్లిఫైయర్ వచ్చింది. స్టేషన్ ఆ తర్వాత రెండేళ్లు నడిచింది. వదిన మిద్దె మీద ఆడపిల్లల హాస్టల్ కోసం ఇంకో అంతస్తు వేసినప్పుడు తీగ దిగింది, మళ్లీ ఎక్కలేదు. అప్పటికి నాకూ పెళ్లయింది, కథలు వినే మనిషి ఇంట్లోనే దొరికింది. బామ్మర్ది మీర్‌పేట్‌లో రీచార్జి షాపు పెట్టాడు. ఇప్పుడు రీచార్జి ఎవరి ఫోన్లో వాళ్లే చేసుకుంటున్నారు కాబట్టి ఫోన్ల కవర్లు అమ్ముతున్నాడు. మెకానిక్ అన్న దుకాణం మాత్రం ఉంది. పెళ్లిళ్ల మైకు సెట్లతో ఆ మూడు అరలూ ఇవాళ్టికీ ఖాళీ లేవు.

ఇక ఒక్క మాట. ప్రమాణం చేశాను కాబట్టి చెప్పక తప్పదు. ఇల్లిల్లూ తిరిగి నిజం చెప్పానన్నాను చూడండి, అది కల్పన. తిరిగిన మాట నిజం. టీచరమ్మతో నేనన్నది, "అమ్మా, లోపల చిన్న భాగం ఒకటి పోయింది, విజయవాడ నుంచి రావాలి, దసరా వెళ్లాకే" అని. ఆమె అయ్యో అని ప్లేటులో పులిహోర పెట్టింది. ఆటో డ్రైవరుతో అన్నది, మీ సెట్టుకు ఉరుము మరీ లోతుగా దిగింది అని. ఆయన చాయ్ ఇప్పించాడు. నాలుగు గల్లీల్లోనూ ఇదే. అందరూ నా మాట నమ్మారు. అడిగిన ప్రతి ఇంట్లో నమ్మారు.

మొన్న దుకాణం ముందు నుంచి వెళ్తుంటే అన్న కేకేసి స్టూలు జరిపాడు. పక్కనున్న గిరాకీకి నన్ను చూపించి, "ఈ మనిషి జిందగీల ఒక్కపారి నిజం చెప్పిండు. ఎవ్వలు నమ్మలె, పాపం" అన్నాడు. నేను తల దించుకుని, ఎంతో బాధగా, అవునన్నాను.